పాడవలేదు, అలిగింది

అలక బాబాయి నోట "పాడైపోయింది" అన్న మాట ఎవరూ వినలేదు. ఆయన లెక్కలో ఈ లోకంలోని వస్తువులు రెండే రకాలు: మాట వినేవి, అలిగినవి.

కంప్యూటర్లూ ప్రింటర్లూ బాగుచేయడం ఆయన వృత్తి. ఇరుగుపొరుగు మొహమాటపెడితే మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ కూడా చూసేవాడు. జిరాక్సు కొట్టుకీ కళ్ళజోళ్ళ దుకాణానికీ మధ్య ఆయన షాపు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సినంత ఇరుకు. ఎవరు ఏది తెచ్చినా దాన్ని బల్లమీద పెట్టి, నుదుటి మీదున్న కళ్ళజోడు ముక్కు మీదికి దించి, ఓ నిమిషం దాని మొహంలోకి చూసేవాడు. ఆ తర్వాత డాక్టరు జ్వరం సంగతి చెప్పినట్టు, నిదానంగా చెప్పేవాడు.

"అలిగింది."

"అదేంటి బాబాయ్, మాడు వాసన వస్తుంటేనూ! కాలిపోలేదా?"

"కాలిపోవడమేంటి, అవేం మాటలు! అలిగింది."

"ఎందుకలిగింది?"

"అప్పుడే నాకు చెప్తుందా? ఇప్పుడేగా పరిచయమైంది. రేపు రండి, కాస్త బతిమాలి పెడతాను."

బతిమాలడమంటే ఉత్తుత్తి మాట కాదు. స్క్రూలు విప్పుతూ, బ్రష్షుతో దుమ్ము దులుపుతూ, నిజంగానే బతిమాలేవాడు. "ఏమ్మా, ఎవరేమన్నారు నిన్ను? ఏదీ, కాస్త ఇటు తిరుగు. అమ్మమ్మో, ఇంత దుమ్ము నెత్తిన మోస్తుంటే ఎవరికి మాత్రం కోపం రాదు!" అంటూ ఆ యంత్రం వంకే చూస్తూ కూర్చుంటే, కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయి, లోపల ఇంకెవరో ఉన్నారనుకుని కాసేపాగి వద్దామని వెళ్ళిపోయేవాళ్ళు.

మధ్యాహ్నం క్యారేజీ తెచ్చే పిన్నికి మాత్రం ఇదంతా చూస్తే ఒళ్ళు మండేది.

"నాకూ ఓ ప్లగ్గు పెట్టి పుట్టించాల్సింది ఆ దేవుడు. ముప్ఫై ఏళ్ళనుంచీ అలుగుతున్నాను. ఒక్కసారైనా ఆ కళ్ళజోడు దించి చూశారా?"

"నువ్వలిగితే చూడ్డమెందుకే, వీధి చివరికి వినిపిస్తుంది. నీకు నోరుంది. వీటికి లేదుగా, పాపం."

ఆయన బతిమాలుళ్ళ కథలు ఊరంతా చెప్పుకునేది. ఒకసారి బడి ఆఫీసులో ప్రింటరు ఆగిపోయింది. హెడ్మాస్టరు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "ఎవరి నిర్వాకమిది?" అని అందరి మొహాలూ వరసగా చూస్తున్నాడు. ఉద్యోగంలో చేరి నాలుగు రోజులైనా కాని గుమాస్తా గోడకి అతుక్కుపోయి ఉన్నాడు. బాబాయి ప్రింటరు మూత తెరిచి, లోపలికి చెయ్యిపెట్టి, ఏదో చిన్నది బయటికి లాగి జేబులో వేసుకున్నాడు.

"ఎవరి నిర్వాకమూ కాదండీ. అలిగింది. నాలుగొందల ప్రశ్నపత్రాలు ఒక్క ఊపున కొట్టమంటే మీరైతే అలగరూ?"

"నేనా?"

"మాటవరసకండీ. మధ్యాహ్నం పూట దీనికి ఓ అరగంట విశ్రాంతినివ్వండి."

ఆ రోజునుంచీ ఆ బడిలో ప్రింటరుకి భోజనాల తర్వాత అరగంట విశ్రాంతి ఉంది. పంతుళ్ళకి లేదు.

మరోసారి రక్తపరీక్షల లాబులో కీబోర్డు బటన్లు నొక్కితే లోపలికి పోయి బయటికి రావడం మానేశాయి. "దీనిమీద ఎవరో టీ ఒలకబోశారు," అన్నాడు లాబు యజమాని. బాబాయి కీబోర్డుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"టీ కాదండీ, చెమట. బటన్లకి ఉక్కపోసి అలిగాయి."

"బటన్లకి ఉక్కేంటయ్యా?"

"ఏసీ మీ గదిలోనే ఉంది కదండీ."

"మరి ఈ చీమలు?"

బాబాయి క్షణం తడుముకున్నాడు. "కొందరి చెమట తియ్యగా ఉంటుందండీ. మీ దగ్గర పనిచేసేవాళ్ళు మంచివాళ్ళు." వారం తిరక్కుండా ఆ గదిలో ఫ్యాను పెట్టించారు.

ఇలాంటివన్నీ విని కడుపుబ్బ నవ్వుకున్నవాళ్ళలో బొమ్మల పిల్ల కూడా ఉంది. కాకపోతే ఆ పిల్ల నవ్వు పైకి వినిపించదు. చెక్కపని కార్ఖానా నడిపే మేస్త్రీకి చెల్లెలామె. పదో తరగతి మధ్యలో తల్లికి జబ్బు చేస్తే బడి మానేసింది. తల్లి కోలుకుంది కానీ ఆ తర్వాత బడి ఆమెని రమ్మనలేదు, ఆమె వస్తానని అననూ లేదు. అన్నయ్య కార్ఖానాలో తలుపులకి బిగించే మడత బందులూ స్క్రూలూ లెక్కపెట్టి డబ్బాల్లో సర్దే పనిలో పడింది. చేయబోయే అల్మరాలూ వంటగదులూ కంప్యూటరులో గీసి చూపించడానికి అప్పట్లో బయటినుంచి ఒకతను వచ్చేవాడు. అతనికి టీ ఇచ్చి, ఖాళీ గ్లాసు తీసుకెళ్ళే వంకతో వెనకాలే నిలబడి చూసేది. అలా ఏడాదిపాటు చూసింది. తను పాఠం చెప్తున్నానని పాపం అతనికి తెలియదు. అతను పని మానేసిన మర్నాడు ఆమె వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. గీసింది. అన్నయ్య నమ్మలేక టేపు తెచ్చి కొలతలు సరిచూసుకున్నాడు. కార్ఖానా మొత్తం ఆమెకి బొమ్మల పిల్ల అని పేరు పెట్టింది.

ఆమెకి ఆ కుర్చీ అంటే ప్రాణం. అక్కడ కూర్చున్నప్పుడే కదా, తనకంటే రెట్టింపు వయసున్న మేస్త్రీలు వచ్చి, "అమ్మాయ్, ఈ సొరుగు లోతెంత?" అని అడిగేది!

అన్నయ్య చెడ్డవాడు కాడు. కాకపోతే గ్లాసు పగిలినా గోడ కూలినా ముందు "ఎవరు?" అని అరిచి, ఆ తర్వాత "ఎవరికైనా తగిలిందా?" అని అడిగే రకం. ఆ మొదటి అరుపు వినగానే చెల్లెలి గొంతు మూతపడేది. తప్పు చేయకపోయినా చేసినట్టు కనిపించేది.

ఇక ఆ కంప్యూటరు సంగతి. పెద్ద దుకాణంలో అట్టపెట్టెతో సహా కొన్నది. ఉత్తరాలు రాయమంటే చక్కగా రాసేది. వంటగది బొమ్మ తిప్పమంటే మాత్రం దానికి చెమటలు పట్టేవి. అల్మరా తలుపు తెరవమంటే కాసేపు ఆలోచించి, మూలిగి, ముక్కలు ముక్కలుగా తెరిచేది. బొమ్మ ఒక చుట్టు తిరిగేలోపు నిజం వంటగది కట్టేయొచ్చని పనివాళ్ళు వెక్కిరించేవాళ్ళు.

అలక బాబాయి వచ్చి, మూత తీసి, టేపుతో లోపల కొలిచాడు. కళ్ళజోడు పైకెత్తి మొట్టమొదటిసారి వేరే మాట అన్నాడు.

"ఇది అలగలేదమ్మా. అమాయకురాలు. బొమ్మలు గియ్యడానికి దీనికి వేరే చెయ్యి లేదు, ఉన్న బుర్రతోనే అన్నీ నెట్టుకొస్తోంది. గ్రాఫిక్స్ కార్డు ఒకటి పెడితే సరిపోతుంది."

"పెద్దది తెమ్మంటావా బాబాయ్?" అన్నాడు అన్నయ్య.

"వద్దు. దుకాణంలో కట్టి అమ్మే డబ్బాలకి కడుపు చిన్నది, పొడుగు కార్డు పట్టదు. కరెంటిచ్చే పెట్టె కూడా చిన్నదే. తిండి ఎక్కువడిగే కార్డు తెస్తే ఇద్దరూ పస్తులుంటారు. పొట్టిగా, తక్కువ తినేది చూడు." చీటీ రాసిచ్చాడు.

ఆ చీటీకి తొందరపడాల్సిన కారణముంది. శుక్రవారం పదకొండింటికి డాక్టరమ్మ వస్తోంది. ఆవిడ కొత్త ఇంట్లో చెక్కపని మొత్తం వీళ్ళ చేతికొచ్చేట్టుంది. అయితే గదులన్నీ తెరమీద నడిచి చూస్తే తప్ప ఖాయం చెయ్యనంది.

"డాక్టరమ్మ ముందు ఈ బొమ్మలు సాఫీగా నడిచాయా, సరేసరి," అన్నాడు అన్నయ్య. "నత్తనడక నడిచాయా, ఇక బొమ్మల పని బయటి కంపెనీకి ఇచ్చేస్తాను. నువ్వు మళ్ళీ మడత బందులు లెక్కపెట్టుకోవచ్చు."

కోపంగా అన్న మాట కాదు. నిజంగానే అన్నాడు. అందుకే ఆమెకి భయం వేసింది.

కార్డు గురువారం సాయంత్రం వచ్చింది. శుక్రవారం తొమ్మిదిన్నరకి వచ్చి పెడతానని బాబాయి కబురు పంపాడు. తొమ్మిదిన్నరకి పెడితే, సరిచూసుకోవడానికి గంటన్నరే మిగులుతుంది. ఎనిమిదింటికే కార్ఖానాకి వచ్చేసిన బొమ్మల పిల్ల కార్డు డబ్బా వంక చూసింది. కంప్యూటరు వంక చూసింది. పోయినవారం బాబాయి మూత ఎలా తీశాడో ఆమె కళ్ళకి కట్టినట్టుంది: ప్లగ్గు పీకడం, వెనక రెండు స్క్రూలు, పక్క రేకు కొంచెం వెనక్కి జరిపి ఎత్తడం. చూస్తే వచ్చేస్తుంది ఆ పిల్లకి.

మూత వచ్చింది. వెనకవైపు కార్డుకోసం ఉన్న సందుని మూసిన రేకుముక్క కూడా వచ్చింది. కార్డుని అది కూర్చోవాల్సిన గాడి మీద పెట్టి నొక్కింది. దిగలేదు. కార్డుకి ఓ పక్కనున్న ఇనుప రేకు తోక, కింద సందులోకి పోకుండా గోరంత దూరంలో అంచు మీద ఆగిపోయింది. ఆమె కంటికి అది కనపడలేదు. మళ్ళీ నొక్కింది. ఊహూ.

ఇక్కడ ఇంకెవరైనా అయితే చేతులెత్తేసి కూర్చునేవాళ్ళు. కానీ ఆమె పెరిగింది చెక్కపని కార్ఖానాలో. అక్కడ ఒక చెక్క ఇంకో చెక్క గాడిలోకి దిగకపోతే దానికి అందరికీ తెలిసిన వైద్యం ఒకటుంది. ఆమె చుట్టూ చూసింది. ఎవరూ లేరు. మెత్తటి గుడ్డ మడతపెట్టి కార్డు మీద వేసి, రబ్బరు సుత్తి తీసుకుని, ఒక్కటంటే ఒక్క దెబ్బ వేసింది. గుడ్డ జారింది. సుత్తి కార్డు అంచుకే తగిలింది.

టక్ మని చప్పుడైంది. కార్డు దిగింది.

ఆమె సంతోషానికి హద్దుల్లేవు. ప్లగ్గు పెట్టి మీట నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది. ఆపి మళ్ళీ నొక్కింది. నలుపే. అప్పుడు కిందికి చూస్తే, గాడి చివర కార్డుని పట్టుకునే చిన్న ప్లాస్టిక్ క్లిప్పు విరిగి డబ్బా అడుగున పడి ఉంది. ఇందాకటి టక్ దానిదన్నమాట.

క్లిప్పు ముక్కని గుప్పిట్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఏడవలేదు. మడత బందుల డబ్బాలు ఏ అరలో ఉన్నాయో తలతిప్పి ఒకసారి చూసుకుంది.

తొమ్మిదిన్నరకి సంచీ పట్టుకుని బాబాయి వచ్చాడు. ఆయన వెనకే చెక్క నమూనాలు మోసుకుంటూ అన్నయ్య దిగాడు. మూత తీసిన కంప్యూటరు చూడగానే నమూనాలు దబ్బున కింద పెట్టాడు.

"ఎవరు? ఎవరు విప్పారు దీన్ని?"

ఆమె గుప్పిట బిగించింది.

"విప్పితే ఏమైందిరా, గాలాడుతుంది," అంటూ బాబాయి కళ్ళజోడు దించాడు. నల్లటి తెర చూశాడు. "ఓహో. అలిగింది."

"బాబాయ్, డాక్టరమ్మ వచ్చే వేళైంది. ఇవాళ మాత్రం నీ అలకలూ గిలకలూ వద్దు!"

"నేనొద్దంటే అది వింటుందా? నువ్వు కాస్త గొంతు తగ్గించు. నీకే భయపడినట్టుంది."

ప్లగ్గు పీకి లోపలికి తొంగిచూశాడు. ఆయన చూపు కార్డు పైఅంచు మీద ఆగింది. అక్కడ బొటనవేలంత మేర నల్లటి రబ్బరు మరక. ఆయన చూడటం ఆమె చూసింది. బాబాయి జేబురుమాలు తీసి, "అబ్బ, దుమ్ము!" అంటూ ఫూ ఫూ అని ఊది, ఆ మరకని శుభ్రంగా తుడిచేశాడు. కార్డు పైకి తీసి, కొంచెం వంగిన రేకు తోకని పట్టకారుతో సరిచేసి, మళ్ళీ కూర్చోబెట్టి, స్క్రూ బిగించాడు. ప్లగ్గు పెట్టి మీట నొక్కాడు.

తెర నల్లగానే ఉంది.

"తగలేశారు! కొత్త కార్డు తగలేశారు!" అన్నాడు అన్నయ్య తల పట్టుకుని.

బాబాయి నెమ్మదిగా బల్ల వెనక్కి వెళ్ళి, వంగి చూసి, పకపకా నవ్వాడు. తెరనుంచి వచ్చే తీగ ఇంకా పాత చోటనే, కంప్యూటరు సొంత రంధ్రంలోనే ఉంది.

"ఇదిరా అలక. కొత్తమనిషి ఇంట్లోకొచ్చి కూర్చున్నా, మీరంతా పాత గుమ్మంలోనే నిలబడి పిలుస్తున్నారు. ఆ మనిషి మొహం మాడ్చుకోదూ?" తీగ పీకి కొత్త కార్డు వెనకున్న రంధ్రంలో పెట్టాడు. "ఏమ్మా, పొరపాటైంది. రా తల్లీ."

తెర వెలిగింది.

బొమ్మల పిల్ల ఆగలేక రెండు చేతులూ చాచి వంటగది బొమ్మ తెరిచింది. గుప్పిట్లోని క్లిప్పు ముక్క బల్లమీద టప్పున పడింది. అన్నయ్య దాన్ని పైకెత్తి వెలుతురులో చూశాడు. ఏ ముక్క ఎక్కణ్ణించి విరిగిందో పోల్చుకోలేనివాడు మేస్త్రీ ఎలా అవుతాడు?

"ఇది లోపలిదే. విరిగింది. ఎవరు విరిచారు?"

ఆమె లేచి నిలబడింది.

"హమ్మయ్య, దొరికిందా!" అన్నాడు బాబాయి, ముక్కని అన్నయ్య వేళ్ళమధ్యనుంచి తీసుకుంటూ. "పోయినవారం కొలతలు తీసినప్పుడు నేనే పీకాను. జాగ్రత్త చెయ్యమ్మా అని ఈ పిల్లకిచ్చాను."

"నువ్వు పీకావా? ఎందుకు?"

"అలిగింది."

"ఇంత ప్లాస్టిక్ ముక్క కూడా అలుగుతుందా బాబాయ్!"

"చిన్నవాళ్ళకే అలక ఎక్కువరా."

"మరి ఇది లేకపోతే కార్డు ఊడిపోదూ?"

"ఈ పక్క స్క్రూ పట్టుకునుంది కదా. డబ్బాని నెత్తిన పెట్టుకుని గంతులేస్తే తప్ప ఏం కాదు. వెయ్యకు."

అన్నయ్య నసుగుతూ చెక్క నమూనాలు సర్దడానికి వెళ్ళాడు. బొమ్మల పిల్ల నిలబడే ఉంది. తను కడుపుబ్బ నవ్వుకున్న కథలన్నీ ఒక్కొక్కటే తల తిప్పి ఆమె వంక చూస్తున్నట్టుంది. ప్రింటరులోంచి తీసి జేబులో వేసుకున్నది కాగితాలకి కొట్టే పిన్ను అయ్యుండాలి. అదెవరిదో గోడకి అతుక్కున్న గుమాస్తాకి తెలుసు. కీబోర్డు మీద తియ్యటి చెమట కార్చిందెవరో లాబులో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. ఊళ్ళో ఇన్నేళ్ళుగా అలిగిన వస్తువుల వెనక, తనలాగే గుప్పిళ్ళు బిగించుకుని ఎంతమంది నిలబడ్డారో!

సరిగ్గా పదకొండింటికి డాక్టరమ్మ వచ్చింది. తెరమీద ముందుగది తలుపు తెరుచుకుంది. ఆగలేదు, మూలగలేదు. ముందుగది, పడకగది, వంటగది ఒకదాని వెంట ఒకటి నడిచాయి. సొరుగులు తెరిచి మూస్తుంటే అన్నయ్య ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

"ఆగు ఆగు," అంది డాక్టరమ్మ. "ఈ మందుల అర మా మనవడికి అందుతుందేమో?"

అన్నయ్య జవాబు చెప్పబోయాడు. అంతలో చిన్న గొంతొకటి వినిపించింది.

"బాబు ఎంత పొడుగుంటాడండీ?"

డాక్టరమ్మ తన నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. బొమ్మల పిల్ల ఆ ఎత్తులో ఒక పిల్లాడి బొమ్మ తెచ్చి అర ముందు నిలబెట్టి, చెయ్యి పైకెత్తించింది. వేళ్ళు అరకి తగిలాయి. అరని పైకి జరిపింది. ఇక అందలేదు.

"కుర్చీ ఎక్కితే? వాడు ఎక్కుతాడు, నీకు తెలీదు."

కుర్చీ వేసింది. పిల్లాణ్ణి ఎక్కించింది. అందింది. అర తలుపుకి తాళం పెట్టింది. డాక్టరమ్మ గట్టిగా నవ్వేసి అన్నయ్య వైపు తిరిగింది.

"సోమవారం పని మొదలుపెట్టండి. ఏదైనా అడగాలంటే నేను ఈ అమ్మాయితోనే మాట్లాడతాను. మీరు అడ్డం రావద్దు."

"రానండీ," అన్నాడు అన్నయ్య.

ఆవిడని సాగనంపి వచ్చి, కాసేపు అటూ ఇటూ తిరిగి, చెల్లెలి కుర్చీ దగ్గర వంగి దాని కాలు పట్టుకుని ఊపి చూశాడు. "వదులైంది. రేపు నేనే గట్టిగా చేసిపెడతాను. అందాకా వెనక్కి వాలకు, పడతావు," అని వెళ్ళిపోయాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు ఆ కార్ఖానాలో ఎవరూ ఎరగరు.

కార్డు వేడెక్కుతుందేమో చూసి వెళ్తానని బాబాయి చెక్కల దొంతి మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నాడు. బొమ్మల పిల్ల దగ్గరికొచ్చింది.

"బాబాయ్, అది అలగలేదు."

ఎవరో బూతుమాట అన్నట్టు బాబాయి ఉలిక్కిపడ్డాడు.

"నేనే, సుత్తితో..."

"రబ్బరుదేగా?"

ఆమె తలూపింది.

"ఇనపది కాదుగా. మరింకేం! నా మొదటి కార్డుకి నేను మోకాలు వాడాను."

నవ్వాలో వద్దో ఆమెకి తెలియలేదు. "మరి మీకు పని నేర్పిన గురువుగారేమన్నారు?"

"ఎవరు చేశారని అడిగాడు. పదిమంది ముందు. ఆ తర్వాత వారం రోజులు నేను పనిలోకే పోలేదు."

"ఎందుకు బాబాయ్?"

"అలిగాను," అన్నాడాయన, గ్లాసు కింద పెడుతూ. "సర్లే, ఇలా రా. ఈసారి సరిగ్గా నేర్చుకుందువుగాని."

కంప్యూటరు ఆపి, ప్లగ్గు పీకి, స్క్రూ విప్పి, కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ముందు ఈ తోక సందులోకి పోవాలి. పోయిందా? ఇప్పుడు రెండు బొటనవేళ్ళూ రెండు చివర్లా పెట్టి ఒకేసారి నొక్కు. సరిగ్గా కూర్చుంటే అదే చెప్తుంది, టక్ మని."

ఆమె తోక సందులోకి పోనిచ్చి, రెండు బొటనవేళ్ళతో నొక్కింది. కార్డు మెత్తగా దిగింది. చప్పుడు మాత్రం కాలేదు. ఆమె కంగారుగా తలెత్తి చూసింది.

చప్పుడు చేయాల్సిన క్లిప్పు విరిగిపోయి బాబాయి జేబులో ఉంది. అందుకని బాబాయే నాలుకతో గట్టిగా "టక్" అన్నాడు.